కుడికాలు

హజరత్తయ్య కుడికాలికి భయం పట్టిందని మొట్టమొదట అన్నవాడు పద్మనాభయ్య. సముద్రం ఆటు మీద వెనక్కి తగ్గి, తడి ఇసుక సిమెంటు చేసిన వసారాలాగా గట్టిపడి ఉన్న ఒక ఉదయం, తూపిలిపాళెం ఒడ్డున, పదిమందీ వింటుండగా అన్నాడు. చెడ్డవాడై అన్న మాట కాదది. మద్రాసులో చదివి వచ్చిన కుర్రవాడు, మనసుకూ నోటికీ మధ్య తలుపు లేనివాడు. అలాంటివాళ్ల మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. అబద్ధమాడే అలవాటు లేదని ఊరందరికీ తెలుసు మరి.

బండి అప్పుడే వచ్చి ఆగింది. ఎర్రటి చిన్న బండి, ఇద్దరికి మాత్రమే చోటు, పైన కప్పు లేదు. ముందు మూత కింద నుంచి ఆవిరి బుసబుసమని లేస్తోంది. హజరత్తయ్య దిగి, మెడ మీది తువాలు తీసి చేతికి చుట్టుకుని, రేడియేటరు మూతను కొద్దికొద్దిగా తిప్పుతూ ఊపిరి వదలనిస్తున్నాడు.

"వయసైంది మామా," అన్నాడు పద్మనాభయ్య. "బండిలో ఏం లోపం లేదు. హజరత్తన్న కాలు భయపడతావుండాది. సగం దూరం పోంగానే లేపేస్తావుండాడు."

ఆ మామ జయరామయ్య. వాకాడులో మాగాణీ, గూడూరు దగ్గర అభ్రకం గనీ ఉన్న ఆసామి, ఈ బండికి యజమాని. గొడుగు నీడలో మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేనల్లుడి మాట విన్నాడు. వంగి, చెప్పులో చేరిన ఇసుకను దులుపుకున్నాడు.

"చూద్దాం," అన్నాడు, ఆ చెప్పుతోనే అన్నట్టు.

నరం లేని నాలుక ఎన్నయినా అంటుంది, హజరత్తయ్య దాన్ని దులిపేసుకునేవాడే. ఎన్నో ఏళ్లుగా తను తోలే ఇంటి పెద్దకారులో, తన చేతిలో ప్రాణం పెట్టి వెనక సీట్లో నిద్రపోయిన మనిషి తలెత్తి చూడకుండా 'చూద్దాం' అన్నాడే, అది దిగింది లోపలికి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతను తన కాలివంక చూసుకున్నాడు. చెప్పు లేకుండానే తోలతాడతను. నల్లటి కాలు, పగిలిన మడమ, బొటనవేలి కింద ఆక్సిలేటరు రాసి రాసి కట్టిన కాయ. ఆ కాలు ఏ సంగతీ చెప్పలేదు.

"ఇంజను కాగిపోయింది. ఇప్పుడింక పరిగెత్తదు," అన్నాడు పద్మనాభయ్య. "ఎల్లుండి ఆటుకు నేను తోలతా మామా. ఎవురి కాలు ఎట్టాంటిదో తెలిసిపోతాది."

జయరామయ్య దానికి మాత్రం తలూపాడు.

ఇందులో పోయేది ఏమిటో చెప్పాలి. మద్రాసుకు ఇవతల షోలవరంలో, యుద్ధకాలంలో విమానాలు దిగిన మైదానం మీద బండ్ల పందాలు జరుగుతాయి. ఈసారి మన బండిని నువ్వే తోలాలిరా అని, ఆయుధపూజ నాడు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేటప్పుడు జయరామయ్య పదిమందిలో మాటిచ్చాడు. ఆనాటి నుంచి హజరత్తయ్య భూమి మీద నడవడం కొంచెం తగ్గించాడనే చెప్పాలి. పెళ్లాం పెంచలమ్మ అన్నం వడ్డిస్తే కంచంలో మైదానం కనపడేది, కూర ఒక మలుపు, పచ్చడి ఇంకో మలుపు. యాభై దగ్గర పడ్డాక మనిషికి ఒక కోరిక పుడితే అది పసిపిల్లవాడి కోరికకంటే మొండిది.

ఆ బండి కూడా అట్లాంటిదే. చైనా యుద్ధం ముగిసిన మరుసటేడు ఒక దొర దేశం వదిలిపోతూ అమ్మేశాడు దాన్ని. దొర ఇంజనీరు, చెయ్యి కుదురుగా ఉండని మనిషి. పెద్ద డీజిలు ఇంజన్లకు పెట్టే గాలిచక్రాన్ని ఒకదాన్ని తెచ్చి ఈ చిన్న ఇంజనుకు తగిలించాడు. ఇంజను వదిలేసే పొగే పోతూ పోతూ ఆ చక్రాన్ని తిప్పుతుంది. అది తిరిగితే దానికి జతైన ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి కుక్కి ఇంజనుకు తినిపిస్తుంది. తన ఎంగిలి ఊపిరితోనే తను బలం తెచ్చుకునే బండి. అయితే వెంటనే పలకదు. కాలు నొక్కాక కాస్త ఆలోచించుకుంటుంది. ఆ తర్వాత లోపల్నించి సన్నగా ఒక ఈల మొదలవుతుంది. ఈల పెరిగేకొద్దీ వీపును ఎవరో వెనక్కి అదిమి పట్టినట్టవుతుంది. పోయిన వేసవిలో ఆ ఈల వినపడితే తెప్పల దగ్గర వలలు బాగుచేసుకునేవాళ్లు చేతులాపి చూసేవాళ్లు. ఉరిమే బండి ఎవడికైనా ఉంటది, ఈలేసే బండి మనకే ఉండాల అనేవాడు జయరామయ్య.

వానకాలంలో ఉప్పుగాలికి పాత పొగగొట్టం తుప్పుతిని జల్లెడైంది. నాయుడుపేటలో బడేసాహెబు కొత్త గొట్టమూ, దానికో సైలెన్సరూ చేసిచ్చాడు. మళ్లీ తుప్పు పట్టకుండా అతని చెల్లెలు సర్దార్‌బీ కళాయి పెట్టింది. పెళ్లికూతురి కాలి కడియంలాగా మెరిసింది గొట్టం. ఈల మాత్రం వినపడడం మానేసింది. కొత్త సైలెన్సరు పొట్టలో అదీ మునిగిపోయిందిలే అనుకున్నాడు హజరత్తయ్య. అంత అందమైన వస్తువును అనుమానించడానికి మనసొప్పదు.

*

మాటకు కాళ్లుంటాయంటారు. బండిని మెల్లగా నడిపించుకుంటూ అతను ఇల్లు చేరేసరికి ఈ మాట ముందే చేరి అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏందయ్యా, కాలు నొస్తావుందంట?" అంది పెంచలమ్మ, చేటలో తోటకూర ఏరుతూ.

"నొప్పి గాదు. భయమంట."

"ఎవురికి?"

"నా కాలికి."

పెంచలమ్మ చేట పక్కన పెట్టి వచ్చి, దూడ గిట్ట చూసినట్టు అతని కాలెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగనే ఉండాదే," అని వదిలేసి మళ్లీ తోటకూర ముందుకు పోయింది. నవ్వించాలనే చేసింది. అతను నవ్వలేదు. అప్పుడామె కూడా నవ్వు ఆపి, "నీకు తెలీదా నీ కాలు సంగతి?" అంది.

తెలుసనే చెప్పబోయాడు. మళ్లీ కాలివంకే చూసుకున్నాడు.

మధ్యాహ్నం నులకమంచం మీద వాలితే కన్నంటుకుంది. కలలో బండి నీళ్ల మీద పోతోంది. చక్రాల కింద అల అనేది లేదు, అద్దంలాంటి సముద్రం. తను కాలు నొక్కుతున్నాడు. ఎంత నొక్కితే అంత మెత్తగా కిందికి దిగుతోంది, అడుగు తగలడం లేదు. నొక్కుతూనే ఉన్నాడు, ఒడ్డు కనపడకుండా పోయింది, సరుగుడు తోపులు సన్నటి గీతై చెరిగిపోయాయి. భయం లేదు. అంత హాయి అతను మెలకువలో ఎప్పుడూ ఎరగడు. లేచేసరికి వీపంతా చెమట, నోట్లో ఉప్పదనం. కలలో లేని భయం మెలకువ రాగానే మంచం కోడు దగ్గర కూర్చుని ఉంది. పద్మనాభయ్య చెప్పింది నిజమేనేమో. సగం దూరంలో కాలు లేచిందేమో. లేవలేదని ఎట్లా తెలుసు? బండి పరుగెత్తలేదు, అదొక్కటే తెలుసు.

పొద్దు వాలేదాకా బండికిందా బండిమీదా గడిపాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు, కార్బురేటరు విప్పి ఊది చూశాడు, పెట్రోలు గొట్టాన్ని నోటపెట్టి పీల్చి ఉమ్మాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కొక్కటి బాగున్నదని తేలుతున్నకొద్దీ తప్పు తన కాలివైపు ఒక్కొక్క అడుగే జరిగి వస్తోంది. వైద్యుడు చెయ్యి పట్టుకుని 'నాడి బాగుంది, కళ్లు బాగున్నాయి' అంటుంటే రోగికి దిగులు పెరిగినట్టుంది అతని పని.

మరునాడు తెల్లారి పళ్లపుల్ల నములుతూ బండి వెనక్కి వచ్చినప్పుడు కనపడింది. పొగగొట్టం చివర, దాని పెదవి మీద, ఆరిన కన్నీటిచుక్కలాగా ఒక తెల్లటి బొట్టు. గోటితో గిల్లితే ఊడివచ్చింది. పంటితో కొరికితే పన్ను దిగింది.

తగరం.

పళ్లపుల్ల పారేసి కిందికి దూరాడు. సైలెన్సరు విప్పి బయటికి లాగి ఎండకు పెట్టి చూశాడు. లోపలి గొట్టానికి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలుండాలి, పొగ వాటిల్లోంచే నెమ్మదిగా బయటపడాలి. తేనె నిండాక ఈగలు మూసేసిన గదుల్లాగా చాలావరకు మూసుకుపోయి ఉన్నాయవి. గొట్టం లోపల పెట్టిన కళాయి ఇంజను వేడికి కరిగి కారింది. చల్లబడినప్పుడల్లా అక్కడ పేరుకుంది. పొగకు ముందుకు దారి లేదు, వెనక నుంచి ఇంజను తోస్తూనే ఉంది. ముందూ వెనకా ఒత్తిడి సమానమైతే మధ్యలో చక్రం ఎందుకు తిరుగుతుంది? అది తిరగకపోతే ఈల ఎక్కడిది, బలం ఎక్కడిది? ఆ వేడంతా పోయే చోటులేక ఇంజనును మరగబెట్టేసింది.

సైలెన్సరు లేకుండానే ఒక్కసారి ఇంజను స్టార్టు చేశాడు. వీధంతా ఉలిక్కిపడింది, పెంచలమ్మ చేతిలో చెంబు జారింది. ఆ ఉరుము అడుగున, సన్నగా, ఈల.

హజరత్తయ్యకు ఏడుపొచ్చింది. నా కాలిది కాదు, నా కాలిది కాదు అనుకుంటూ, వీధిలో జనం చూస్తుండగానే ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అతనికి సిగ్గనిపించలేదు.

ఆ సంతోషం వెనకే ఒక బుద్ధి కూడా పుట్టింది, దాచడమెందుకు. దీన్ని ఉన్నది ఉన్నట్టు బిగించేస్తే? రేపు పద్మనాభయ్య తోలతాడు. ఎంత నొక్కినా బండి మూలుగుతుంది, సగం దూరంలో ఆవిరి కక్కుతుంది. అప్పుడు ఎవరి కాలో లోకం చూస్తుంది. నోరెత్తి ఒక్క మాట అనక్కర్లేదు, సర్దార్‌బీ పేరూ బయటికి రాదు. సైలెన్సరును ఒళ్లో పెట్టుకుని చాలాసేపే కూర్చున్నాడు. కానీ దాన్ని తిరిగి బిగించడానికి చెయ్యి పోలేదు. బండిగొంతు ఒకరు నులిమారని తెలిశాక, ఆ చేతులు తీయకుండా ఇంకొకరిని ఎక్కించి పరుగెత్తమనడం అతనివల్ల కాలేదు. గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుని నాయుడుపేట బస్సెక్కాడు.

*

సర్దార్‌బీ బజారు చివర వేపచెట్టు కింద నేలలో గుంట తవ్వుకుని పని చేస్తుంది. గుంటలో బొగ్గులు, పక్కన తోలుతిత్తి. ఆమె ఎడమచేత్తో తిత్తి నొక్కుతూ, కుడిచేత్తో పట్టకారు పట్టి ఒక ఇత్తడి గుండిగను నిప్పు మీద తిప్పుతోంది. కాగిన గుండిగలో, మసి వదిలేందుకు, నవాసాగరం పొడి చల్లింది. తెల్లటి పొగ గుప్పున లేచింది. తగరపు కడ్డీ అంటించి, దూదితో ఒక్క చుట్టు తుడిచేసరికి నల్లటి అడుగు తెల్లవారినట్టయింది. హజరత్తయ్య తను వచ్చిన పని కాసేపు మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు.

"రా అన్నా," అంది ఆమె, తలెత్తి. "బండి మెరుస్తావుండాదా?"

అతను సంచి విప్పి సైలెన్సరును కింద పెట్టాడు. ఆమె చేతులు తుడుచుకుని దాన్ని ఎత్తింది. ఎత్తగానే ఆమె మొహం మారింది. పాత్ర బరువు చేతికి తెలిసిన మనిషి. అటూ ఇటూ వంచింది, కన్ను ఆనించి ఎండకు పట్టి చూసింది, మళ్లీ చూసింది.

"నా తగరమేనా?"

"నీదే తల్లీ."

"ఎంత వేడుంటాది ఇందులో?"

"నీ గుంటలో ఎంతో అంతకంటే జాస్తే."

సర్దార్‌బీ కొంగుతో మొహం తుడుచుకుని గుంట గట్టు మీద కూర్చుంది. "పైన పెట్టు చాలన్నాడు మా అన్న. లోపల నేనే పెట్టినా. లోపల కళాయి లేకుండా నా చేతిలోనించి ఏ గిన్నె పోయింది చెప్పు? ఉప్పుగాలి లోపలికి మాత్రం పోదా అనుకున్నా. గిన్నైతే మిగిలింది తుడిచేస్తా. గొట్టంలోకి చెయ్యి దూరలా. ఉంటే ఉండనీ, మందంగా ఉంటే మంచిదే గదా అని వదిలేసినా." కాస్త ఆగి అడిగింది. "దీనివల్లనేనా నీ కాలు భయపడిందన్నారంట? బస్సోళ్లు చెప్పినారు."

"వాళ్లకేం తెలుసులే. పొయ్యికి పొగపోయే దారి మూస్తే మంట లేవదు, అంతే ఇది. కరిగించి తీసెయ్యి. మట్టి చేరుకుందని చెప్తా అయ్యతో. నీ పేరు రానియ్యను."

"ఎందుకు రానియ్యవు?"

అతను ఖాళీ సంచిని మడతపెట్టాడు. "నీ పనికి మాట రాకూడదు గదా."

"నా పనికి మాట రాకుండా నీ కాలికి రావాల్నా? ఇదేం న్యాయం అన్నా?" అంది సర్దార్‌బీ, నిజంగానే కోపంగా. "మా దర్గాకు మొక్కుకుని పేరు పెట్టుకున్నోడివి, మన్ను అని అబద్ధం చెప్తావా? రేపు నేనే వస్తా. నేనే చెప్తా."

"అంతమంది మగాళ్లుంటారు. భయంగా ఉండదా?"

"ఎందుకుండదు? ఉంటాది. ఉంటే ఉండనీ. పని చెడిందా లేదా, అంతే గదా చెప్పాల్సింది. భయం పాటికి భయం పక్కన కూసోని ఉంటాది."

ఆమె సైలెన్సరును పట్టకారుతో పట్టి నిప్పు మీద నిలువుగా పెట్టింది. హజరత్తయ్య తిత్తి అందుకుని నొక్కాడు. కొంతసేపటికి కింది మూతిలోంచి ఒక చుక్క రాలింది, వెనక ఇంకొకటి, ఆ తర్వాత సన్నటి ధార. నల్లటి బొగ్గుల పక్కన తడిమట్టిలో అది పాములాగా మెలిక తిరిగి గట్టిపడింది. సర్దార్‌బీ ఒక ఇనపపుల్ల తీసుకుని ఒక్కొక్క రంధ్రమే పొడిచి, ఎండకు పట్టి, మళ్లీ పొడిచి, అన్ని రంధ్రాల్లోంచీ ఆకాశం కనపడేదాకా వదల్లేదు. తిరుగు బస్సులో హజరత్తయ్య ఆ సైలెన్సరును ఒళ్లో చంటిబిడ్డలాగా పట్టుకుని, కిటికీలోంచి వచ్చే గాలికి కళ్లు మూసుకుని, షోలవరం మైదానాన్ని మళ్లీ ఒకసారి చుట్టివచ్చాడు.

*

మరునాడు ఆటు పొద్దెక్కాక వచ్చింది. నీళ్లు వెనక్కి పోయాయి. తడి ఇసుకలో ఆకాశం పడి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా ఉంది. దూరంగా తెప్పలు గాలిలో తేలుతున్నట్టు కనపడుతున్నాయి. జయరామయ్య కుర్చీ, గొడుగు వచ్చాయి. పద్మనాభయ్య చొక్కా చేతులు మడుచుకుని సిద్ధంగా ఉన్నాడు.

సర్దార్‌బీ మొదటి బస్సుకే వచ్చింది. తలమీద ముసుగు సర్దుకుని నేరుగా కుర్చీ ముందుకు పోయి నిలబడింది. కొంగుముడి విప్పి తగరపు ముద్దను గొడుగు నీడలో, ఇసుక మీద పెట్టింది.

"అయ్యా, ఆ బండి గొంతు మూసింది నేను. గొట్టం లోపల కళాయి పెట్టినా. అది కరిగి అడ్డంపడింది. హజరత్తన్న కాలిది ఏం లేదు."

జయరామయ్య ముద్దనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు కోపం రావాలి, కానీ పొగగొట్టానికి లోపల కళాయి అనేసరికి ముందు నవ్వొచ్చింది. కుర్చీ ఊగేటట్టు నవ్వాడు. "మా అమ్మ బతికుంటే ఆయమ్మా పెట్టించుండేదిలే," అన్నాడు. ఆ నవ్వుతో ఆ తప్పు అందరిదీ అయిపోయింది, ఎవరిదీ కాకుండానూ పోయింది.

పద్మనాభయ్య నవ్వలేదు. అతని మొహం ఎర్రబడింది. మెడ గోక్కుంటూ హజరత్తయ్య దగ్గరికి వచ్చాడు. "అన్నా, తెలీక నోరుజారినా. ఏమనుకోబాక. నువ్వే తోలు. ఈ పొద్దూ నువ్వే, షోలవరంలోనూ నువ్వే. ఏం మామా?"

"ఇంకెవురు?" అన్నాడు జయరామయ్య. ఈసారి హజరత్తయ్య మొహంలోకి చూసే అన్నాడు.

ఇంతకంటే ఏం కావాలి మనిషికి? హజరత్తయ్య బండెక్కాడు. కుడి పాదాన్ని తువాలుతో తుడుచుకుని ఆక్సిలేటరు మీద ఆనించాడు. బండి మెత్తగా కదిలింది. గేరు మారింది, మళ్లీ మారింది. పూర్తిగా నొక్కాడు. బండి కాస్త ఆలోచించుకుంది. అప్పుడు మొదలైంది ఈల. సన్నటి దారంలాగా మొదలై, గాలిని చీల్చుకుని పైకి, ఇంకా పైకి. వీపు సీటుకు అంటుకుపోయింది. తడి ఇసుక కింద లేదు, ఎర్రటి ముక్కు ముందు ఆకాశం మాత్రమే ఉంది. తెప్పలు వచ్చాయి, పోయాయి. ఇది కలే, అదే కల అనుకున్నాడు, నొక్కు, ఇంకా నొక్కు.

కాలు లేచింది.

అతను లేపలేదు. ఎదురుగా ఏమీ లేదు. మనిషి లేడు, కుక్క లేదు, అల అయినా అంతదూరం రాలేదు. ఇంకా చాలా ఒడ్డు ఖాళీగా పడి ఉంది. అయినా కాలు, అతని మాట వినకుండా, వేడిగిన్నె తగిలిన చెయ్యిలాగా, దానంతటదే లేచింది. ఈల ఒక్క క్షణం తెగింది. మళ్లీ అదిమాడు, మళ్లీ అందుకుంది. కానీ తెగిన చోటు అతనికి తెలుసు.

ఒడ్డు చివర బండిని మళ్లించి ఆపి, ఇంజను శబ్దంలో ఒంటరిగా కూర్చున్నాడు. నిందపడ్డ రోజున కాలు లేవలేదు, లేస్తే ఎట్లా ఉంటుందో తెలిశాక ఇప్పుడది ఖాయంగా తెలుసు. ఆనాడు బండి గొంతు నులిమి ఉన్నా ఈ కాలు అడుగంటా నొక్కే ఉంచింది. ఇవాళ నిజంగా బండి పరుగెత్తేసరికి లేచింది. పద్మనాభయ్య మాట లోపలున్న భయాన్ని కనిపెట్టిందో, లేని భయాన్ని నాటిందో, అదొక్కటీ తెలియదు. ఇక తెలిసేదీ కాదు. హజరత్తయ్యకు చాలా దుఃఖంగా ఉంది. షోలవరం మైదానం కళ్లముందే మలుపు మలుపుగా చుట్టుకుని చాపలాగా మడతపడిపోయింది.

తిరిగి వచ్చేసరికి జనం కేకలు. తెప్పలవాళ్లు పరుగెత్తుకొచ్చారు, జయరామయ్య కుర్చీ వదిలి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. "ఏం పోకడరా అది! చూపుకు అందలా!"

హజరత్తయ్య దిగాడు. జనం వెనక నిలబడి ఉన్న సర్దార్‌బీని ఒకసారి చూశాడు.

"కాలు లేచింది అయ్యా," అన్నాడు.

"ఏందీ?"

"తెప్పలు దాటినాక కాలు లేచింది. భయపడినా. షోలవరంలో నేను తోలలేను."

జయరామయ్య పకపకా నవ్వాడు. "వీడొకడు! అంత వేగం పోయి భయపడినానంటాడు. ఆ మాటన్నందుకు అలిగినావంట్రా? ఒరే పద్మనాభా, కాళ్లు పట్టుకోరా ఆయనవి." జనమూ నవ్వారు. మంచివాళ్లు అంతేలే, గెలిచాక తగ్గి మాట్లాడతారు అన్నాడొకడు. మొన్న భయం లేనప్పుడు ఉందంటే అందరూ నమ్మారు. ఇవాళ ఉందని తనే నోరు తెరిచి చెబుతుంటే నమ్మేవాడు ఒక్కడూ లేడు.

"ఈల తెగింది. చిన్నయ్యా, మీరు వినుంటారు, మీ చెవులు మంచివి," అన్నాడు హజరత్తయ్య, ఆఖరి సాక్షిని పిలిచినట్టు. "చెప్పండి."

పద్మనాభయ్య అతని మొహంలోకి చూశాడు. చూసి, కళ్లు తిప్పుకుని, కాలితో ఇసుక రాస్తూ నిలబడ్డాడు.

"నేనేం వినలేదన్నా," అన్నాడు. "తెగలేదు. నువ్వే తోలాల."

పుట్టిన తర్వాత మొదటి అబద్ధమేమో, చెవులదాకా ఎర్రబడిపోయాడు. హజరత్తయ్యకు గుండె నిండిపోయింది. షోలవరం సీటును ఆ కుర్రవాడు తన చేతుల్లో పెట్టి ఇచ్చేస్తున్నాడు. తీసుకుంటే చాలు, ఎవరూ అడగరు. అతను బండి ముందు నుంచి చుట్టూ తిరిగి అవతలివైపుకు పోయి, తోలేవాడి సీటు ఖాళీగా వదిలి, పక్క సీట్లో కూర్చున్నాడు.

"రాండి చిన్నయ్యా," అన్నాడు. "ఎక్కడ కాలు లేస్తాదో నేను పక్కనుండి చూపిస్తా. అక్కడ మీరు మాత్రం లేపబాకండి."

పద్మనాభయ్య మేనమామ వైపు చూశాడు. జయరామయ్య నవ్వు ఎక్కడో ఆగిపోయింది. హజరత్తయ్య మొహంలో ఏం చూశాడో, మెల్లగా తలూపి కుర్చీలో కూర్చున్నాడు.

బండి కదిలింది. ఈల మొదలైంది, పెరిగింది. తెప్పలు వచ్చాయి. "ఇక్కడే," అన్నాడు హజరత్తయ్య, గాలిలోకి. పద్మనాభయ్య కాలు లేవలేదు. ఈల తెగకుండా ఇంకా ఇంకా పైకి పోతూనే ఉంది. తడి ఇసుకా ఆకాశమూ ఒకటై మీదికి వస్తున్నాయి. హజరత్తయ్య కిందికి చూసుకున్నాడు. పక్క సీటు ముందు, ఏ మీటా లేని వట్టి రేకు మీద, తన కుడికాలు బొటనవేలు తెల్లబడేటట్టు అడుగంటా నొక్కిపట్టి ఉంది, లేవడం లేదు.